బ్రాడీపేట స్పెల్లింగ్ క్లాసు: బట్టీ పట్టించని చోటు

గుంటూరులో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే చోట్లకు కొదవ లేదు. శంకర్ విలాస్ సెంటర్లో నిలబడి తలెత్తితే బోర్డులే బోర్డులు. స్పెల్లింగ్ ఒక్కటే పనిగా పెట్టుకుని నేర్పే చోటు మాత్రం నాకు ఇదొక్కటే కనిపించింది. బ్రాడీపేట నాలుగో లైనులో ఒక పాత డాబా, దాని మీద ఒక గది. బోర్డు లేదు, పేరూ లేదు. ఎయిడెడ్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మేడమ్ ఒకావిడ సాయంత్రం పూట నడుపుతున్నారు. పోయిన వేసవి సెలవులు అయ్యాక మా అమ్మాయిని అక్కడ చేర్పించాను. దానిదిప్పుడు ఏడో తరగతి.

మాకు అరండల్‌పేటలో డీటీపీ సెంటర్ ఉంది. పెళ్ళికార్డులు, విజిటింగ్ కార్డులు, ఫ్లెక్సీలు, బీటెక్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, పొద్దస్తమానం ఇదే పని. ఒక్క అక్షరం తప్పు పోతే కట్టకట్టంతా పక్కన పడేసి మళ్ళీ వేయాలి. అందుకని ఈ క్లాసు ఎలా ఉందో కాస్త వివరంగానే రాస్తున్నాను. పిల్లల్ని పంపాలా వద్దా అని ఆలోచించేవాళ్ళకు పనికొస్తుంది.

ముందు పైపై సంగతులు. ఫీజు నెలకు 800. సోమ, బుధ, శుక్రవారాలు, సాయంత్రం 6 నుంచి 7:15 దాకా. నాలుగో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని తీసుకుంటారు, బ్యాచ్‌కు పదిమందికి మించి తీసుకోరు. గ్రామర్ చెప్పరు, మాట్లాడించడం ఉండదు, చేతిరాత దిద్దించరు. స్పెల్లింగ్ తప్ప ఇంకో మాట లేదు.

స్కూళ్ళలో స్పెల్లింగ్ ఎలా చెప్తారో అందరికీ తెలిసిందే. డిక్టేషన్లో తప్పు పోయిన మాట ఇరవై సార్లు రాసుకు రావాలి. మా అమ్మాయి నోటుబుక్కులు అవే రాతలతో నిండిపోయేవి. రాసిన మాట పరీక్ష దాకా గుర్తుండేది, దానికి చుట్టమయ్యే ఇంకో మాట వస్తే మళ్ళీ మొదటికే. 'స్టాపింగ్'కు రెండు పీలు అని చెయ్యి నొప్పి పుట్టేదాకా రాసిన పిల్ల 'డ్రాపింగ్' దగ్గరకొచ్చేసరికి ఒక్క పీతో సరిపెట్టేది. అక్కడ రెండు పీలు ఎందుకున్నాయో దానికి ఎవరూ చెప్పలేదు. ఈ క్లాసులో మేడమ్ మొదట చెప్పేదే ఆ ఎందుకు.

మొదట్లో కొన్నాళ్ళు రూళ్ళ జోలికి పోరు. మాటను సిలబుల్స్‌గా విడగొట్టడమే పని. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మాట పలకమంటారు, గడ్డం ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని సిలబుల్స్. ఆ తర్వాత సిలబుల్స్‌లో ఆరు రకాలు చెప్తారు. ఒక్క వవెల్ (అచ్చు) ఉండి, దాని వెనక కాన్సొనెంట్ (హల్లు) వచ్చి తలుపు మూసేస్తే క్లోజ్డ్: క్యాట్, బెడ్, షాప్. వవెల్ దగ్గరే ఆగిపోతే ఓపెన్: గో, మి, 'పేపర్'లో మొదటి ముక్క. చివర పలకని ఇ ఉంటే సైలెంట్ ఇ: కేక్, హోప్. రెండు వవెల్స్ కలిసి ఒకే శబ్దం ఇస్తే వవెల్ టీమ్: బోట్, రెయిన్. వవెల్ వెనక ఆర్ చేరి దాని శబ్దాన్ని మార్చేస్తే ఆర్ సిలబుల్: కార్, బర్డ్. ఇక ఆఖరిది, మాట చివర కాన్సొనెంట్, ఎల్, ఇ మూడూ కలిసి వచ్చేది: టేబుల్, యాపిల్. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే డాక్టరు, అన్నా గిల్లింగ్‌హామ్ అనే టీచరు చదవడం కష్టమైన పిల్లల కోసం ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఆ బాటలో నేర్పేవాళ్ళు ఈ ఆరు రకాల విభజన బాగా వాడతారు. మేడమ్ రిటైరయ్యాక దాన్ని కూర్చుని నేర్చుకున్నారట.

ఆరు రకాలూ తెలిస్తే ఏం లాభమంటారా? 'బాటిల్'కు రెండు టీలు, 'టైటిల్'కు ఒక్క టీ. ఈ తేడాను మా అమ్మాయి నాకు బల్ల మీద అట్టముక్కలు పేర్చి చూపించింది. మాట చివర నుంచి మూడు అక్షరాలు లెక్కపెట్టి టి-ఎల్-ఇ ని పక్కకు జరిపింది. 'టైటిల్'లో ఎడమవైపు మిగిలింది టి-ఐ. వవెల్ దగ్గర ఆగింది కాబట్టి ఓపెన్, అందుకే ఐ తన పేరుతోనే 'టై' అని పలికింది. 'బాటిల్'లో అలా చేస్తే బి-ఓ మిగులుతుంది, అప్పుడది 'బోటిల్' అవుతుంది. అలా కాకూడదంటే ఓ వెనక తలుపు వేయాలి. ఆ తలుపే రెండో టి. యాపిల్‌కు రెండు పీలు, టేబుల్‌కు ఒక్క బి కూడా ఇందుకే. ఇన్నేళ్ళుగా టైప్ చేస్తున్న మాటలే, ఆ టి ఎందుకుందో నేను తెలుసుకున్నది మాత్రం ఆ రోజే.

నన్ను కట్టిపడేసిన పాఠం ఇంకొకటి ఉంది. ఆ రోజు పిల్లను తీసుకెళ్ళడానికి ముందే వెళ్ళి గుమ్మం పక్కన కూర్చున్నాను. మేడమ్ బోర్డు మీద తెలుగులో రెండు వరసలు రాశారు. ఒక పక్క బస్సు, పెన్ను, కప్పు, బెడ్డు, షిప్పు. ఇంకో పక్క కారు, రేటు, బోటు, ఫోను, కేకు.

"ఇవన్నీ ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలే కదమ్మా. ఈ పక్క వాటికి వత్తు ఉంది, ఆ పక్క వాటికి లేదు. ఎందుకంటారు?"

కాసేపు ఎవరూ పలకలేదు. ఆఖరికి అయిదో తరగతి పిల్లాడొకడు లేచి, "ఈ పక్క హ్రస్వం మేడమ్, ఆ పక్క దీర్ఘం" అన్నాడు.

"శభాష్ నాన్నా. హ్రస్వం తర్వాత మనం వత్తు వేస్తాం, దీర్ఘం తర్వాత వేయం. బడికి వెళ్ళని మీ నాయనమ్మ కూడా బస్సు అంటుంది గానీ బసు అనదు. ఇంగ్లీషువాళ్ళు ఆ పనే మాట చివర ఐఎన్‌జీయో ఇడియో చేరేటప్పుడు చేస్తారు. ఫిట్ పొట్టిది, అందుకే 'ఫిట్టింగ్'కు రెండు టీలు. కట్ పొట్టిది, 'కటింగ్'కూ రెండే. బేక్ పొడుగుది, 'బేకింగ్'కు ఒక్క కె చాలు. ఇ ని తీసేసి ఐఎన్‌జీ పెట్టడమే."

అంతే, పిల్లల ముఖాలు విప్పారాయి. పరాయి రూలు ఒక్కసారిగా సొంతదైపోయింది. 'డిన్నర్'కు రెండు ఎన్‌లు, 'డైనర్'కు ఒకటి; 'సప్పర్'కు రెండు పీలు, 'సూపర్'కు ఒకటి. ఇవన్నీ వాళ్ళే గబగబా చెప్పేశారు.

మేడమ్ అక్కడితో ఊరుకోలేదు, అందుకే ఆవిడ మీద నాకింత గౌరవం. తెలుగు చెవి ఎక్కడ దారి తప్పిస్తుందో వెంటనే చెప్పారు. 'షిప్పు', 'పెన్ను', 'బస్సు'ల్లోని ఇ, ఎ, అ శబ్దాల దగ్గర మన చెవిని నమ్మవచ్చు. 'షాప్', 'డ్రాప్', 'స్టాప్'ల్లోని ఓ ఇంగ్లీషులో పొట్టిదే, మన నోట్లోనే అది 'షాపు' అని దీర్ఘమైపోతుంది. 'బ్యాగు', 'బ్యాటు' కూడా అంతే. మన చెవికి దీర్ఘంగా వినపడుతుంది కాబట్టి రెండో పి అక్కర్లేదనిపిస్తుంది. గుంటూరు బోర్డుల మీద 'షాపింగ్' ఒక్క పీతో ఎందుకు కనిపిస్తుందో నాకు అప్పుడు తెలిసింది. మా సెంటర్‌కు చేత్తో రాసి తెచ్చే కాగితాల్లో నేను ఎక్కువగా దిద్దే మాట అదే. 'షాప్'లోని ఓ అక్షరం, 'బ్యాగ్'లోని ఎ అక్షరం దగ్గర తెలుగు చెవిని పక్కన పెట్టి అక్షరాలు లెక్కపెట్టమంటారు: ఒక సిలబుల్, ఒక వవెల్ అక్షరం, చివర ఒక కాన్సొనెంట్. మూడూ ఒకటొకటి అయితేనే రెట్టింపు. 'వెల్డింగ్'లో చివర రెండు కాన్సొనెంట్లు ఉన్నాయి, కాబట్టి అవసరం లేదు. 'కుక్కర్' మన నోట్లో వత్తుతోనే వస్తుంది, కానీ ఓ-ఓ రెండు వవెల్స్, కాబట్టి ఒక్క కె. 'వెడ్డింగ్'కు రెండు డీలు. ఇక పెళ్ళికార్డు మీద ఆ మాట చూసినప్పుడల్లా మా అమ్మాయి "ఒకటి, ఒకటి, ఒకటి" అని వేళ్ళు లెక్కపెడుతుంది.

మాట చివరల పాఠాలు రెండో నెల నుంచి మొదలవుతాయి. పొట్టి వవెల్ వెనక ఎఫ్, ఎల్, ఎస్, జెడ్ వస్తే రెట్టింపు: ఆఫ్, బెల్, మిస్, బజ్. క శబ్దమైతే సి-కె: బ్యాక్, క్లాక్. పొడుగుదైతే కె, ఇ: కేక్, బైక్. చ శబ్దానికి పొట్టి వవెల్ వెనక టి-సి-హెచ్: మ్యాచ్, స్టిచ్. రిచ్, మచ్, సచ్, 'ఏది' అనే అర్థం వచ్చే విచ్ ఈ మాట వినవు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. జ శబ్దానికైతే 'బ్రిడ్జ్'లో డి-జి-ఇ, 'పేజ్'లో ఉత్త జి-ఇ. 'బస్' ఒక్క ఎస్‌తో ఎందుకు ఆగింది అని ఒక పాప అడిగితే, అది 'ఆమ్నిబస్' అనే పెద్ద మాటకు తోక అని, తోక ఒక్కటే మిగిలిందని చెప్పారట. అడిగిన ప్రతిదానికీ ఇలా ఏదో ఒక జవాబు ఉంటుంది ఆవిడ దగ్గర.

ఇంగ్లీషు మాట సాధారణంగా వి అక్షరం దగ్గర ఆగదు, వెనక ఇ తెచ్చుకుంటుంది: లవ్, గివ్, హ్యావ్. పాత రోజుల్లో యు, వి రెండూ ఒకే అక్షరానికి రెండు రూపాలు, ఆ గందరగోళంలో ఇక్కడున్నది కాన్సొనెంటే అని చెప్పడానికి ఆ ఇ పనికొచ్చింది. అలాగే అచ్చ ఇంగ్లీషు మాట ఐ తో ఆగడం అరుదు, ఐ కనిపిస్తే బయటి నుంచి వచ్చిందేమో అనుకోమంటారు. దీనికి మేడమ్ ఇచ్చిన ఉదాహరణ మన ఊరిదే: 'చిల్లీ'. మెక్సికోలోని నహువాట్ల్ భాష మాట, స్పానిష్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మన పద్ధతిలో రెండు ఎల్‌లు, చివర ఐ. బహువచనంలో ఐ-ఇ-ఎస్. అమెరికావాళ్ళు ఒక్క ఎల్‌తో రాస్తారు. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల కార్డులు, లెటర్‌హెడ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఆ ఒక్క మాటను ఎన్ని రకాలుగా రాసి తెస్తారో చెప్పలేను.

మా పనికి నేరుగా అక్కరకొచ్చిన పాఠాలు ఇంకా ఉన్నాయి. 'ఎలక్ట్రీషియన్', 'బ్యూటీషియన్', 'మ్యుజీషియన్' పని చేసే మనుషుల పేర్లు, వాటి చివర సి-ఐ-ఎ-ఎన్. 'ఇన్విటేషన్', 'రిసెప్షన్' పనుల పేర్లు, చివర టి-ఐ-ఓ-ఎన్. 'లేడీ'లో వై ముందు కాన్సొనెంట్ ఉంది కాబట్టి 'లేడీస్'కు ఐ-ఇ-ఎస్. 'టాయ్'లో వై ముందు వవెల్ ఉంది కాబట్టి ఉత్త ఎస్ చాలు. 'స్టేషనరీ'లో పెన్నులు, కాగితాలు అమ్మేదానికి ఇ-ఆర్-వై, కదలకుండా ఉండేదానికి ఎ-ఆర్-వై. అమ్మేవాడు స్టేషనర్, ఇ-ఆర్, దానికి వై చేరిస్తే సరి.

ఈ మధ్య చీరలకు రంగులు వేసే షాపు ఫ్లెక్సీ మ్యాటర్ ఒకటి వచ్చింది. 'డైయింగ్' అన్న మాటను డి-వై-ఐ-ఎన్-జి అని రాసి తెచ్చారు. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి స్క్రీను చూసి, "అమ్మా, ఇక్కడ ఇ తీయకూడదు, తీస్తే చనిపోవడం అవుతుంది" అంది. ఐఎన్‌జీ చేరితే పలకని ఇ పోవాలన్నది రూలు. రంగు వేసే 'డై'కి మాత్రం ఆ ఇ ఉంచేస్తారు, లేకపోతే రెండూ ఒకటే అయిపోతాయి. 'నోటీసబుల్'లో కూడా ఇ ఉండిపోతుంది, సి ని స శబ్దంగా కాపాడటానికి. 'పిక్నిక్'కు ఐఎన్‌జీ చేరిస్తే మధ్యలో కె వస్తుంది, సి ని క శబ్దంగా కాపాడటానికి. రూలు తప్పిన చోట కూడా ఒక కారణం ఉంటుందని పిల్లకు తెలిసింది. షాపతనికి ఫోన్ చేసి చెప్పి మార్చాం.

ఇక నచ్చని సంగతులు. రెండు సిలబుల్స్ ఉన్న మాటలకు ఇడి, ఐఎన్‌జీ చేర్చే పాఠం దగ్గర పిల్లలందరూ తడబడ్డారు. 'బిగిన్'కు రెండు ఎన్‌లు వస్తాయి, 'ఓపెన్'కు రావు. 'రిఫర్'కు రెండు ఆర్‌లు, 'ఆఫర్'కు ఒకటే. ఏ సిలబుల్ మీద ఒత్తి పలుకుతారన్నదాన్ని బట్టి అది తేలుతుంది. మనం తెలుగులో మాటలో ఒక ముక్కను అంతగా ఒత్తి పలకం కదా, మన నోట్లో ఆఫర్, రిఫర్ ఒకేలా వస్తాయి. మేడమ్ బల్ల మీద తట్టి చూపిస్తారు, కానీ ఆవిడ పలికినప్పుడు వినపడే తేడా పిల్లలు ఇంటికొచ్చి తామే పలికితే వినపడదు. రేడియో వార్తలో, రికార్డింగులో వినిపించి నేర్పిస్తే బాగుంటుంది. ఈ మాట ఆవిడతోనే అన్నాను, చూద్దామన్నారు.

రెండోది షీట్లు. ఇంటి దగ్గర చేయమని ఇచ్చే జిరాక్సు కాగితాలు అమెరికా పుస్తకాల్లోవి. 'ఫడ్జ్', 'స్లెడ్జ్' లాంటి మాటలు మన పిల్లలు ఎప్పుడూ చూడనివి. అర్థం తెలియని మాటకు స్పెల్లింగ్ రాయడమంటే మళ్ళీ బట్టీయే. అందులో 'ట్రావెలింగ్'కు ఒక్క ఎల్ ఉంటుంది, 'కలర్'లో యు ఉండదు. మన స్కూళ్ళలో బ్రిటిష్ పద్ధతి, రెండు ఎల్‌లు ఉండాలి, యు ఉండాలి. క్లాసులో నోటితో చెప్తారు గానీ కాగితం మీద దిద్ది ఇవ్వరు. ఊరినిండా ట్రావెల్స్ బోర్డులు, కిచెన్ ఫిట్టింగ్స్ షాపులు, లేడీస్ టైలర్లు ఉండగా ఆ మాటలతో మన షీట్లు మనం చేసుకోవచ్చు. టైపింగు, ప్రింటింగు డబ్బులు లేకుండా నేను చేసి పెడతానని చెప్పాను. మొదటి సెట్టు ఇప్పుడు తయారవుతోంది.

'ర్యాబిట్'కు రెండు బీలు, 'హ్యాబిట్'కు ఒకటే. 'క్యాబిన్', 'లిమిట్', 'విజిట్' కూడా రెట్టింపు కావు. లాటిన్, ఫ్రెంచి దారిలో వచ్చిన మాటల దగ్గర ఈ లెక్క తరచూ పనిచేయదని మేడమ్ ముందే చెప్పేసి, వాటిని గోడ మీద వేరే చార్టు కట్టారు. 'క్యాలెండర్' చివర ఎ-ఆర్ అని చెప్పడానికి రూలేమీ లేదు, మనసులో 'క్యాలెన్-డార్' అని చదువుకోమంటారు. రూళ్ళతో మొత్తం ఇంగ్లీషు వచ్చేస్తుందని ఆవిడ ఎక్కడా గొప్పలు పోలేదు. కొంతమంది తల్లిదండ్రులు మూడు నెలల్లో నూటికి నూరు డిక్టేషన్ మార్కులు రావాలని వస్తారు, అలాంటివాళ్ళకు ఈ క్లాసు నచ్చదు. మొదటి నెలలో మార్కుల్లో తేడా ఏమీ కనిపించదు. మా అమ్మాయికి దసరా సెలవుల తర్వాత గానీ కనిపించలేదు. కనిపించాక మాత్రం మళ్ళీ వెనక్కి పోలేదు. ఇప్పుడు కొత్త మాట రాసేటప్పుడు పెన్ను ఆపి, పెదాలతో విడగొట్టుకుని, అప్పుడు రాస్తోంది. తప్పు పోయినా ఎక్కడ పోయిందో అదే చెప్తోంది.

చిన్న చిన్న ఇబ్బందులు: మెట్లు ఇరుకు, పెద్దవాళ్ళు ఎక్కాలంటే కష్టం. లైనులో కారు పెట్టడానికి చోటు లేదు, బండి మీద రావడమే మేలు. ఒక క్లాసు తప్పితే మళ్ళీ చెప్పరు, పక్క పిల్లల నోటుబుక్కు చూసి రాసుకోవాలి. నాలుగో తరగతి లోపు పిల్లలను తీసుకోరు. తీసుకుంటే బాగుండు, ఎందుకంటే ఈ ఆరు రకాలు అప్పుడే తెలిస్తే తర్వాత బాధే ఉండదు. మా చెల్లెలి కొడుకు ఒకటో తరగతిలో ఉన్నాడు, వాడి కోసం అడిగితే ఒప్పుకోలేదు.

అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది షీట్ల వల్లే. నాలుగు నుంచి ఎనిమిది చదివే పిల్లలు, డిక్టేషన్ అంటే టెన్షన్ పడే పిల్లలు, తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంకు మారినవాళ్ళు తప్పకుండా చేరవచ్చు. తెలుగు బాగా వచ్చిన పిల్లలు ఇక్కడ ఇంకా తొందరగా అందుకుంటారు, హ్రస్వ దీర్ఘాలు వాళ్ళకు ముందే తెలుసు కాబట్టి. కొత్త బ్యాచ్ సంక్రాంతి సెలవులు అయ్యాక మొదలవుతుంది. చేరే ముందు ఒక రోజు కూర్చుని చూడనిస్తారు, అడిగితే చాలు. రూళ్ళ నోటుబుక్కు ఒకటి, ఎరుపు పెన్సిల్ ఒకటి తెచ్చుకోవాలి, వవెల్స్ అన్నీ ఎరుపులోనే రాయిస్తారు.